పలుచని యీగ

మేము చేప తినువారము కాము. మా యింట తాతముత్తాతలలో నెవ్వరును గాలము పట్టి యెఱుగరు. అయినను కడచిన మూడు సంవత్సరములలో మా చేతులతో నలువదికి పైగా సాల్మన్ యీగలు కట్టితిమి. మా పాఠశాలలోని మిత్రులు "పంతులుగారు రఘువంశము విడిచి యీగవంశము పట్టినారు" అని నవ్వుచున్నారు. నవ్వనిండు. గోరంతయైన యీ వస్తువులో ఆడంబరమునకును మితమునకును, వేడుకకును దయకును నూఱేండ్లకు పైగా జరుగుచున్న వ్యాజ్యమొకటి యిమిడియున్నది. ఆ వ్యాజ్యము మన యిండ్లకు సంబంధింపనిది కాదని తోచి, నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

ఈగ యనగా ప్రాణముగల యీగ కాదు. ఉక్కుగాలమునకు పట్టునూలును జరీతీగయు ఈకలును వెండ్రుకలును చుట్టి చేసిన యెఱ. ఆంగ్లేయులు దీనిని ఫ్లై యనియే పిలుతురు గనుక మేమును ఈగ యనుచున్నాము. ట్రౌట్ అను చేపకై కట్టునది నీటిమీద వ్రాలు ఏదో యొక పురుగును పోలియుండును. ఆ చేప పురుగులను తినును. తినునది కనుక మోసపోవును. ఇంతవఱకు తర్కము నిలుచును. సాల్మన్ కడకు వచ్చునప్పటికి తర్కమునకు కాళ్లు విఱుగును.

అట్లాంటిక్ సాల్మన్ చల్లని యేటి గులకరాళ్ల నడుమ పుట్టును. స్కాట్లండు నదులలో రెండు మూడేండ్లు పెరిగి, వసంతమున సముద్రమునకు దిగి, నార్వే సముద్రముమీదుగను గ్రీన్లండు తీరమువఱకును పోయి, అచట తిని బలిసి, ఒకటి రెండు సంవత్సరములకు, ఒక్కొక్కప్పుడు మూడేండ్లకు, తాను పుట్టిన యేటికే తిరిగి వచ్చును. దారి పోల్చుకొనుటలో పుట్టినయేటి నీటి వాసన దానికి సాయపడును. నదిలో ప్రవేశించిన పిమ్మట అది యాహారము ముట్టదు. మాఘఫాల్గుణములలో నదికి వచ్చిన చేప కార్తికమార్గశిరములలో గ్రుడ్లు పెట్టువఱకు నిరాహారమే. మన యేకాదశివ్రతములు దానిముందు ఏపాటివి? అట్టి యుపవాసి, యేటి నడుమ ఱాతిప్రక్కను నిలిచి, తనకక్కఱలేని యీ ఈకలముడిని ఎందులకు నోట కఱచును? చిన్ననాడు ఆ యేటిలోనే పురుగులు తిన్న యలవాటు మేల్కొనుననువారు కొందఱు. తన తావునకు వచ్చిన పరాయిదానిపై కోపమనువారు కొందఱు. చేతులు లేని ప్రాణి దేనినైనను నోటితోనే పరీక్షింపవలెను గదా యనువారు మఱికొందఱు. విశ్వామిత్రుని యొద్దకు మేనకను పంపినవారికిని ఇంతకంటె స్పష్టమైన సిద్ధాంతము లేకపోయి యుండును.

గోదావరి యొడ్డున పుట్టినవారికి ఈ కథ క్రొత్త కాదు. మన పులసయు నిట్లే సముద్రమునుండి వఱదనీటికి ఎదురెక్కి గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత మన జిల్లాలలో అందఱును ఎఱిగినదే. పుస్తెలు ఎవరివో తినువాడెవడో ఆ సామెత చెప్పదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఆ చేపకు ఎగువదారి కట్టువడినది. కాని పులసను మనవారు వలవేసి పట్టుదురు. దానితో ఈకల భాషలో మాటాడుటకు ఎవ్వరును ప్రయత్నింపలేదు.

మాకీ విద్య అబ్బిన తెఱగు చెప్పవలెను. మా అక్కగారి కుమారుడు అబర్డీన్ పట్టణమున సముద్రపు చమురు త్రవ్వు వృత్తిలో ఇంజనీరు. అతని భార్య ప్రసవమునకు సాయముగా మా అక్కగారు 2022వ సంవత్సరము వేసవిలో అచటికి పోవుచు, ఒంటరిప్రయాణమునకు జంకి, సెలవులలో నున్న మమ్ము వెంటబెట్టుకొని పోయినది. మేనల్లుడు అప్పటికే సాల్మన్ పిచ్చిలో మునిగియున్నాడు. ఆదివారము తప్ప తక్కిన సెలవుదినములలో డీ నదియొడ్డున నుండును. ఆదివారము సాల్మన్ పట్టుట ఆ దేశమున చట్టనిషిద్ధము గనుక ఇంట నుండును. ఇంట నున్నప్పుడు ప్రక్కయింటి వృద్ధుని కడకు పోయి ఈగలు కట్టుచుండును. ఆ వృద్ధుడు ఒక పాఠశాలలో బాలురకు వడ్రంగము నేర్పి విశ్రాంతి గైకొన్నవాడు. ఉపాధ్యాయుడు ఉపాధ్యాయుని దేశాంతరమందైనను గుర్తుపట్టును. రెండవనాడే మాకొక ముక్కాలిపీట చూపి కూర్చుండుమనెను.

ఆయన మొదట మాకు చూపినది తాను కట్టిన యీగ కాదు. గోడమీద అద్దపుచట్రములో నున్న పాత యీగ, జాక్ స్కాట్ అనునది. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యమున పుట్టిన యీ యీగను చూచినవాడు ఇది చేపకొఱకని నమ్మడు, పెండ్లికుమారుని తలపాగకొఱకనును. సగము ఒడలు పసుపు పట్టు, సగము నల్ల పట్టు, నడుమ టూకన్ పక్షి ఱొమ్ము ఈకలు, మీద వెండిజరీ చుట్లు, ఱెక్కలో పది పండ్రెండు పక్షుల ఈకలు ఒక్కొక్క పోగుగా అతికించి కూర్చినవి, పైన చీనాదేశపు బంగారు ఫెజంట్ తురాయి. 1895లో జార్జి కెల్సన్ సాల్మన్ ఫ్లై అను గ్రంథమును ప్రకటించి యిట్టి యీగలు నూర్లకొలది వర్ణించి, ప్రతిదానికిని ఈకల పట్టిక వ్రాసియున్నాడు. ఆ గ్రంథము చదువుచున్న మాకు బాణభట్టుడు జ్ఞప్తికి వచ్చెను. ఏ యీక తీసివేసినను శాస్త్రభంగము! ఆ పట్టికలలో ఇండియన్ క్రో అను ఎఱ్ఱని యీక తఱచుగా కనబడును. అది ఇండియాది కాదు, కాకియు కాదు. దక్షిణ అమెరికాలోని వేఱొక పక్షి. పేరుపెట్టిన వర్తకునకు భూగోళముతో పని లేదు.

కాని మన దేశపుటీక యొకటి నిజముగా అందున్నది. దక్షిణాపథపు కొండయడవులలో తిరుగు బూడిదవన్నె అడవికోడిపుంజు మెడయీకల కొనలయందు మైనపు బొట్టువలె మెఱయు పసుపు తెలుపు చుక్కలుండును. ఆ యీకను ఈగ చెక్కిలికి కన్నువలె అంటింతురు. పూర్వకాలపు మేలిరకపు ఈగలలో ఈ కన్ను లేనిది అరుదు. మన కొండలలో ఉరివేసి పట్టిన కోడి మెడ ఓడలెక్కి పోయి, స్కాట్లండు చలినీటిలో కన్నై వెలిగినది! 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చిన తరువాత ఆ కోడికి మనదేశమున రక్షణ కలిగినది. నేడు ఆ దేశీయులు తమ దొడ్లలో పెంచిన కోళ్ల మెడలనే వాడుచున్నారు. వృద్ధుడు ఒక యీకను మా అరచేతిలో నుంచి, "ఇది మీ ఊరిది" అనెను. మేము దానిని మా యూర నెన్నడును చూచి యుండలేదని చెప్పుట మర్యాద కాదని యూరకుంటిమి.

ఈకల కథ వచ్చినది గనుక మన చదువరులలోని గృహిణులకు ప్రీతియగు సంగతి యొకటి చెప్పెదము. ఆ దినములలో ఈకలు ఈగలకన్న టోపీలకే యెక్కువగా చెల్లెడివి. సీమ స్త్రీల టోపీలపై కొంగలును స్వర్గపక్షులును చచ్చి కూర్చుండెడివి. 1889లో మాంచెస్టరు చెంత డిడ్స్బరీలో ఎమిలీ విలియమ్సన్ అను గృహిణి తన యింట పొరుగు స్త్రీలను కూర్చి, ఈకలు ధరింపమని ప్రతిజ్ఞ చేయించెను. పక్షిసంరక్షణకై నేడు బ్రిటనులో ప్రఖ్యాతి గాంచిన సంఘమునకు ఆ కూటమియే బీజము. పురుషుల పక్షిశాస్త్రసభలు చేయజాలని పని స్త్రీల తేనీటిబల్లల కడ మొదలైనది. ముప్పదిరెండేండ్లు పోరాడగా 1921లో పార్లమెంటు ఈకల దిగుమతిని నిషేధించు చట్టము చేసెను. టోపీలు మాఱినవి. ఈగలు కట్టు పురుషులు మాత్రము పాత పెట్టెలు తడుముకొనుచునే యుండిరి.

ఎంతవఱకు తడిమిరనగా, 2009 జూన్ నెలలో ఒకరాత్రి, లండనులో వేణువు నేర్చుచున్న యువకుడొకడు ట్రింగ్ పట్టణమందలి ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాల కిటికీ పగులగొట్టి దూఱి, 299 పక్షిచర్మములను పెట్టెలో కుక్కుకొని పోయెను. అందు డార్విన్‌తోపాటు ప్రకృతివరణసిద్ధాంతమును కనుగొన్న వాలెస్ మహాశయుడు మలయ ద్వీపములలో ప్రాణములకు తెగించి సేకరించినవియు నుండెను. దొంగిలించినది బంగారమునకు కాదు. కెల్సన్ పట్టికలలోని యీకలకు. ఆ యీగలు కట్టువారిలో ననేకులు వానిని నీట ముంచనే ముంచరు, చట్రములో పెట్టుదురు. దొంగ దొరకెను, 2011లో అతనికి విధించిన శిక్ష అమలు కాకుండ నిలిపివేయబడెను. చర్మములు కొన్ని తిరిగి వచ్చినవి. కాని వాని కాళ్లకు కట్టిన చీటీలు ఊడిపోయినవానికి శాస్త్రమున విలువ పోయినది. వేణువు వాయించు చేతులు ఆ పని చేసినవని వినినప్పుడు, విద్య మనుష్యుని సంస్కరించునని తరగతిలో ప్రతిదినము చెప్పు మాకు కొంత గొంతు పట్టినది.

ఇక రెండవ పక్షము. డీ నదిపై బాంకరీ యను నూరి చెంత కెయిర్న్‌టన్ అను రేవున్నది. 1913 మొదలు 1934 వఱకు ఆర్థర్ వుడ్ అను నతడు అచట గాలమాడి మూడువేలకు పైగా సాల్మన్ చేపలను పట్టెను. అతడు పట్టుత్రాటికి కొవ్వు పూసి నీటిమీద తేలజేసి, చిన్న పలుచని యీగను పైపొరలోనే నడిపించెడివాడు. ప్రవాహము త్రాటిని లాగి యీగను ఈడ్చుకొనిపోకుండ, త్రాటి నడుమభాగమును గడకొనతో ఎత్తి ఎగువకు వేయుట అతని పద్ధతిలోని ముఖ్యరహస్యము. నీరు వెచ్చబడి, అనగా ఇంచుమించు పది డిగ్రీలు దాటి, తేటపడి, లోతు తగ్గినప్పుడు చేప పెద్ద యీగకు బెదరును; చిన్నదానికి పైకి లేచును. అందులకై పొడుగుకాడ గల సన్నని గాలము తీసికొని, కాడలో ముందుసగము మాత్రమే యలంకరించి, వెనుకసగము బోడిగా విడుతురు. పెద్ద గాలముపై చిన్న యీగ యన్నమాట. పట్టు బలమునకు గాలము, చూపునకు ఈగ. వుడ్ ఇంకను ముందునకు పోయి, ఈకయే లేక గాలపుకాడకు ఎఱుపో నీలమో రంగు పూసియు చేపలను పట్టెనని అతని పద్ధతిని వివరించిన 1935వ సంవత్సరపు గ్రంథము తెలుపుచున్నది. పదునైదు పక్షుల ఈకలు కూర్చినవాని ముఖమున ఇంతకన్న పెద్ద దెబ్బ ఏమి యుండును?

అయితే పలుచదనమే సర్వకాలధర్మమని మేము చెప్పము. శీతకాలాంతమున మంచు కరగి యేరు ఉబ్బి మురికిగా పారునప్పుడు వ్రేలంత పెద్ద యీగయే కావలెను. ఎండకాలపు పలుచని చీర పుష్యమాసమున కట్టుమనుట సంస్కారము కాదు.

ఇప్పుడు కట్టుటను గూర్చి. మాకు నేర్పినది స్టోట్స్ టెయిల్ అను నల్ల యీగ. స్టోట్ అనగా ముంగిసకంటె చిన్నదై, తోకకొన నల్లగా నుండు ఒక వేటజంతువు. ఆ కొనవెండ్రుకలతో మొదట కట్టుటచే ఆ పేరు వచ్చినది. నేడు నల్లరంగు వేసిన ఉడుతతోకయే తఱచుగా వాడుదురు. గాలముల సంఖ్య తెలుగు బాలునికి తలక్రిందుగా తోచును: సంఖ్య పెరిగినకొలది గాలము చిన్నది. మాకిచ్చినది పదవ సంఖ్య. దానిని బల్లకు బిగించిన చిన్న ఇనుపపట్టులో నోరు క్రిందికుండునట్లు పట్టించి, మైనము రాచిన నల్లదారమును కంటికడ మొదలిడి చుట్టుకు చుట్టు ఆనునట్లు వెనుకకు నడిపింపవలెను. కాడలో సగమునకు వచ్చి ఆగవలెను. ఆగుట కష్టము. ఎదుట బోడిగాలము మెఱయుచుండగా దానిని కప్పవలెనని చేయి పీకును.

అచట దారపుచుట్టు క్రింద సన్నని వెండితీగను కట్టి, నల్లని పట్టుపోగును ముందునకు చుట్టుకొని రావలెను. పట్టుపోగు మెలిపడరాదు, మెలిపడిన తావున గుబ్బ లేచును. పిమ్మట వెండితీగను ఎదురువాటుగా నాలుగైదు చుట్లు ఎడమెడముగా తేవలెను. మన నేతపనివారు జరీ యనుదానిని వారు టిన్సెల్ అందురు. పని యొక్కటే, వెలుతురును పట్టి విడుచుట. తరువాత గొంతుక్రింద నల్లకోడి మెడయీక రెండు చుట్లు. మూడవ చుట్టునకు మా చేయి పోవుచుండగా వృద్ధుడు తన పెన్సిలుతో మా మణికట్టును తాకి, "ఇది యెందుకు?" అని యడిగెను. కోపము లేదు, హాస్యము లేదు, తెలిసికొనగోరినట్లే యడిగెను. మేము జవాబు వెదకితిమి, లేదు. ఆయన బోధపద్ధతి యంతయు ఆ యొక్క ప్రశ్నయే. ప్రతి చుట్టునకును జవాబుండవలెను. ఇరువది రెండేండ్లుగా బోధించుచున్న మాకు ఇంత పొదుపైన ప్రశ్న దొరకలేదు.

ఇక ఱెక్క. తోకనుండి చిటికెడు వెండ్రుకలు కత్తిరించి, అడుగున నున్న మెత్తని నూగును చిన్నదువ్వెనతో దువ్వి పాఱవేసి, కొనలు సమముగా కూర్చి, కాడపై నిలుపవలెను. ఆయన చిటికెడును రెండుభాగములు చేసి ఒకదానిని ప్రక్కకు నెట్టెను. మిగిలినదానిని మరల రెండు చేసి ఒకదానిని నెట్టెను. మిగిలినవి పండ్రెండు వెండ్రుకలు, మేము లెక్కించితిమి. వానిని గాలపు వంపు దాటకుండ నిలిపి, నాలుగు చుట్లతో బిగించి, తల చిన్నదిగా ముడివైచి, దారము తెంపి, వార్నీషు సూదిమొనతో మూడుమారులు పూయవలెను. ఒకపూత ఆఱిన పిమ్మటనే రెండవది. ఇంతే. చూచుటకు దోమ కాలిరిగి పడినట్లుండును. ఇట్టిదానికి పదిసేరుల చేప లేచునని చెప్పిన మా యూరి జాలరి మమ్ము పిచ్చివారినిగా నెంచును.

నమ్మకము కలుగుట ఆయన గాజుపాత్రలో నీరు తెచ్చిన పిమ్మటనే. దట్టముగా కట్టిన అంగడియీగ నొకదానిని దారమున వ్రేలాడదీసి నీట కదపెను. పొడిగా నున్నప్పుడు నెమలివలె నున్న ఆ యీగ తడిసిన కోడియై, ఈకలన్నియు ఒకటిగా అంటుకొని, కొయ్యముక్కవలె ఇటునటు తిరిగెను. మా పండ్రెండు వెండ్రుకల యీగ నీట మునిగినంతనే విచ్చుకొన్నది. ప్రతి వెండ్రుకయు వేఱువేఱుగా కదలినది, నడుమ వెండి యొకక్షణము కనబడి మాయమైనది, అంచులెచటనో తెలియలేదు. దట్టపుటీగ ఏమిటో పూర్తిగా కనబడును. పలుచని యీగ ఏమిటో చేపయే పూరించుకొనవలెను. అదిగాక దట్టమైనది నీటిలో త్వరగా మునుగదు. పలుచనిది పొరను చీల్చుకొని వెంటనే తన లోతునకు పోవును. ఈ రెండవ కారణమును మేనల్లుడు ఇంజనీరు గనుక గట్టిగా చెప్పెను. మొదటిది మాకు నచ్చినది.

వైయాకరణులు సూత్రమున అరమాత్ర తగ్గినచో పుత్రోత్సవము చేసికొందురని మా గురువులు చెప్పెడివారు. పుత్రికోత్సవమేల కాకూడదో మేమపుడు అడుగలేదు, వారును చెప్పలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట పదవతరగతి బాలుర వ్యాసములు దిద్దుచు, ప్రతిపుటలోను ప్రకృతికి నాలుగు విశేషణములు తగిలించినచోట మార్జినులో "ఇది యెందుకు?" అని వ్రాయ మొదలిడితిమి. ఒక బాలిక ఆ ప్రశ్నక్రింద "మీకు మార్కులు వేయుటకు" అని జవాబు వ్రాసి తెచ్చెను. నిజమునకు ఆ జవాబు చుట్టులో ఒక్క పోగును వ్యర్థము కాదు.

ఈ కళను గూర్చి చెప్పుచు మేగన్ బాయిడ్ అను నామెను చెప్పకుండ పోరాదు. 1915లో జన్మించి, బాల్యమున స్కాట్లండునకు వచ్చి, ఉత్తరమున బ్రోరా చెంత సముద్రమునకెదురుగా నొక చిన్న యింట ఏకాకినిగా నివసించి, అర్ధశతాబ్దమునకు పైగా ఈగలు కట్టి జీవించినది. బాలికగా నున్నపుడు ఆమెకు విద్య చెప్పిన వేటకాపరి, పాత యీగలను ఇచ్చి, వానిని విప్పి, అవే సరకులతో అంతకన్న చిన్న గాలములపై మరల కట్టుమనెడివాడట. ఎంత మంచి పాఠశాల! ఆమె యింట చిరకాలము విద్యుద్దీపము లేదు. బ్రిటిషు రాజకుమారుడును ఆమె యీగలకై వచ్చెడివాడు. 1971లో ప్రభుత్వము పతకమిచ్చి గౌరవించెను. చూపు మందగించువఱకు కట్టి, 2001లో మరణించినది. ఇన్ని యీగలు కట్టిన యామె తానుగా సాల్మన్ పట్టునది కాదు. ప్రాణిని చంపుటకు మనసొప్పని యామె, చంపు పనిముట్టును లోకమునకెల్ల పంచెను. ఇది కపటమా, కరుణయా? మా మేనల్లుని యింట దీనిపై జరిగిన వాదములో మేము ఎటును నిలువలేక మధ్యవర్తులమైతిమి.

వాదమునకు మూలము మా అక్కగారు. ఒకనాటి సాయంకాలము కుమారుడు తిరిగి వచ్చి, ఒక చేపను పట్టి విడిచితినని సంతోషముతో చెప్పగా, ఆమె పసిబిడ్డను ఊచుచు ఇట్లనెను: "ఆకలైనవాడు పట్టి తిన్నాడంటే అర్థముంది నాయనా. ఉపవాసమున్న దాన్ని పిలిచి, మూతికి ముల్లు గుచ్చి, అరగంట ఏడిపించి, పో పొమ్మనడానికి నీకు ఇంత చదువెందుకు?"

మేనల్లుడు మా వంక చూచెను. "మామయ్యా, నీవైనా చెప్పు. అక్కడ పట్టేవాళ్లే ఏటిని కాపాడుతున్నారు. వాళ్లు మానేస్తే ఆ చేపను అడిగే దిక్కు ఉండదు" అనెను.

అతని మాటలో సత్యము లేకపోలేదు. స్కాట్లండులో గాలమునకు దొరకిన సాల్మన్ లెక్కలు 1952 మొదలు వ్రాసి యుంచుచున్నారు. 2023వ సంవత్సరపు సంఖ్య అదివఱకున్న లెక్కలన్నిటిలో కనిష్ఠము. ఆ సంవత్సరము డిసెంబరులోనే బ్రిటనులోని అట్లాంటిక్ సాల్మన్ వంశము అంతరించు ప్రమాదమున నున్నదని అంతర్జాతీయ ప్రకృతిసంరక్షణ సంఘము ప్రకటించెను. సముద్రము వేడెక్కుట, చేపలదొడ్లనుండి వచ్చు పేలు, అడ్డుకట్టలు, ఏళ్ల గట్లపై నీడ లేకపోవుట — కారణములు పెక్కు. డీ నది యుపనదియగు గిర్నాక్ యేటిలో 1966 నుండి వచ్చుపోవు చేపలను లెక్కించుచున్నారు. ఎగువ యేళ్ల గట్లపై నీడకై చెట్లు నాటుచున్నారు. ఆ ధనములో గాలమువారు చెల్లించు రుసుముల పాలు కలదు. పట్టిన చేపలలో నూటికి తొంబదికి పైగా తిరిగి నీటికే విడువబడుచున్నవి. నీరు చల్లగా నున్నపుడు, చేపను నీటనుండి పైకెత్తక విడిచినచో, అది బ్రతికి గ్రుడ్లు పెట్టునవకాశము మిక్కిలి యధికము. నీరు వెచ్చబడినకొలది ఆ యవకాశము తగ్గును.

కాని అక్కగారి ప్రశ్నకు ఇందులో దేనియందును జవాబు లేదు. రుసుము చెల్లించినంతమాత్రమున ముల్లు మెత్తబడదు. సంరక్షణకై ధనమిచ్చువాడు గాలము వేయకుండ ఇయ్యరాదా? ఈయవచ్చును, ఈయడు. మనుష్యస్వభావ మట్టిది. తన చేతికి తగులనిదానిని చిరకాలము ప్రేమించువారు అరుదు. మా మతమేమనగా: మేనల్లుడు చేయునది నిర్దోషము కాదు, అతడు మానినచో చేపకు మేలును కాదు. ఈ రెండును ఒక్కసారి నిజములై యుండవచ్చును. మేము గాలము వేయము, ఈగ కట్టుట మానము. తర్కశాస్త్రము చదివినవారు మమ్ము దీనికి నిలదీయవచ్చును. బ్రోరా చెంత నివసించిన ఆ వృద్ధస్త్రీ ప్రక్కన నిలుచుటకు మాకు సిగ్గులేదు.

అక్కగారు వాదమున లొంగలేదు, అలుగను లేదు; ఒక నియమము పెట్టినది. గాలపుకొన కడ వెనుకకు తిరిగియుండు చిన్నముల్లు ఊడకుండ పట్టునది; దానిని పట్టకారుతో నొక్కి చదును చేసినచో గాలము సులభముగా జారివచ్చి, చేపకు గాయము తగ్గును. అట్లు నొక్కిన యీగలే తన కుమారుడు వాడవలెను. అతడు ఒప్పుకొనెను. నీరు ఇరువది డిగ్రీలు సమీపించిననాడు నదికి పోననియు ఒప్పుకొనెను. నిరుటి వేసవిలో వరుసగా మూడు వారములు గడను గోడకు ఆనించి, ఉష్ణమాపకముతో మాత్రమే యేటికి పోయి వచ్చితినని జాబు వ్రాసెను.

ఇప్పుడు మేము రాజమహేంద్రవరమునందే కూర్చుండి, దీపపు వెలుతురున, భూతద్దము ముక్కుపై నిలిపి, నెలకు మూడు నాలుగు కట్టుచున్నాము. ఉడుతతోక అతడు పంపును. వెండిజరీ మాత్రము ఇచటి బజారుదే, బాగుగ నిలుచుచున్నది. ఈ నెలలో పండ్రెండవ సంఖ్యపై ఆఱు పూర్తియైనవి. వార్నీషు ఆఱిన పిమ్మట అవి అక్కగారి చేతికి పోవలెను. ఆమె దీపారాధనకు పెట్టుకొన్న పత్తి నుండి కొంచెము తీసి, ఒక్కొక్క గాలపు కొనను దానిలో గుచ్చి మెల్లగా వెనుకకు లాగును. నున్నగా వచ్చినదానిని డబ్బీలో వేయును. ఒక్క పోగు చిక్కినను, మాటాడక, పట్టకారుతో సహా మాకు తిరిగి యిచ్చును.